ఒకే కార్యక్రమం, మూడు ఫలితాలు: షికాగో ప్రీస్కూళ్లలో ఊబకాయ నివారణపై ఒక కేస్ స్టడీ

చిన్నపిల్లల్లో ఊబకాయం రాకుండా ప్రీస్కూళ్లు, ప్లేస్కూళ్లు నడిపే కార్యక్రమాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో చూసి చెప్పడం నా వృత్తి. స్కూలు యాజమాన్యమైనా, డబ్బు పెట్టే సంస్థయినా మొదటి మీటింగులో అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "ఏడాది చివరికి పిల్లల బరువు ఎంత తగ్గుతుంది?" దానికి జవాబు చెప్పే ముందు నేను షికాగో కేసు వివరిస్తాను. అక్కడ "హిప్-హాప్ టు హెల్త్ జూనియర్" అనే కార్యక్రమాన్ని మూడు సార్లు గట్టి పద్ధతిలో పరీక్షించారు. పాఠాల మూలం ఒక్కటే, నగరం ఒక్కటే, పరిశోధన బృందానికి నాయకత్వం వహించిందీ ఒక్కరే, మేరియన్ ఫిట్జ్‌గిబ్బన్. అయినా మూడు సార్లూ మూడు రకాల ఫలితాలు వచ్చాయి. మూల్యాంకనంలో ఏది అడగాలో, ఏది కొలవాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కేసు నాకు కనబడలేదు.

ముందు బరువు గురించి

నాలుగేళ్ల పిల్లలు బరువు తగ్గకూడదు. ఆ వయసులో ఆరోగ్యంగా ఎదిగే బిడ్డ ఏడాదికి సుమారు రెండు కిలోల బరువు, ఆరేడు సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. కాబట్టి నివారణ అంటే బరువు దించడం కాదు, ఎత్తుకు మించి బరువు పెరగకుండా చూడటం. అందుకే కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించి బీఎంఐ చూస్తాం.

ఈ వయసులో బీఎంఐకి తనదైన నడక ఉంది. మొదటి ఏడాదిలో పెరుగుతుంది, తర్వాత నెమ్మదిగా దిగుతూ వస్తుంది, అయిదారేళ్ల దగ్గర అట్టడుగుకు చేరి మళ్లీ పైకి లేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం మగపిల్లల మధ్యస్థ బీఎంఐ రెండేళ్లకు 16.0, అయిదేళ్లకు 15.2. అంటే ఏ కార్యక్రమమూ లేకపోయినా ఈ మూడేళ్లలో బీఎంఐ కొంత దిగుతుంది. జూన్‌లో పిల్లలను తూచి, మార్చిలో మళ్లీ తూచి, "మా ప్రోగ్రాం వల్ల బీఎంఐ తగ్గింది" అని చెప్పే రిపోర్టును నేను ఒప్పుకోను. పోల్చడానికి కార్యక్రమం అందని పిల్లల గుంపు ఉండాలి, లేదా కనీసం వయసుకు, ఆడ-మగ తేడాకు సరిచేసిన జెడ్-స్కోరులో, అంటే అదే వయసు పిల్లల సగటుకు బిడ్డ ఎంత దూరంలో ఉందో చెప్పే అంకెలో లెక్క చూపించాలి.

అడుగుకు చేరిన బీఎంఐ మళ్లీ లేవడం మూడు నాలుగేళ్లకే మొదలైతే, ఆ పిల్లల్లో తర్వాతి కాలంలో ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ. నివారణ ప్రయత్నాలు ప్రీస్కూల్ వయసు మీద దృష్టి పెట్టడానికి ముఖ్య కారణం ఇదే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. కొన్ని స్కూళ్లు బాగా లావుగా ఉన్న పిల్లలను మాత్రమే ఎంచుకుని, వాళ్లనే మళ్లీ కొలుస్తాయి. ఏ కొలతలోనైనా పైఅంచున ఉన్నవాళ్లు రెండోసారి సగటు వైపు కొంత జరగడం గణితంలోనే ఉంది. అక్కడ కనబడే తగ్గుదలలో కార్యక్రమం వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు.

మొదటి ట్రయల్: నల్లజాతి పిల్లల కేంద్రాలు

హెడ్ స్టార్ట్ అమెరికా ప్రభుత్వం 1965 నుంచి పేద కుటుంబాల చిన్నపిల్లల కోసం నడుపుతున్న ప్రీస్కూల్ కార్యక్రమం. షికాగోలో ఎక్కువగా నల్లజాతి పిల్లలు చదివే 12 హెడ్ స్టార్ట్ కేంద్రాలను తీసుకున్నారు. పిల్లలను ఒక్కొక్కరిగా కాకుండా కేంద్రాలనే రెండు గుంపులుగా విడదీసి, ఆరింటిలో కొత్త కార్యక్రమం, మిగతా ఆరింటిలో మామూలు ఆరోగ్య పాఠాలు నడిపారు. మొత్తం 409 మంది పిల్లలు.

కార్యక్రమం 14 వారాలు. వారానికి మూడు సార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు: సగం సమయం ఆహారం గురించి తోలుబొమ్మలతో, ఆటపాటలతో పాఠం, మిగతా సగం ఒళ్లు కదిలించే ఆట. పాఠాలు చెప్పింది ఆ కేంద్రాల సొంత టీచర్లు కాదు, పరిశోధన బృందం శిక్షణ ఇచ్చి పంపిన విద్యావేత్తలు. ఇంటికి ప్రతి వారం న్యూస్‌లెటర్, దానితో తల్లిదండ్రులు చేయాల్సిన చిన్న హోంవర్క్ వెళ్లేవి.

కంట్రోల్ కేంద్రాల, అంటే పోలిక కోసం ఉంచిన ఈ రెండో ఆరింటి పిల్లలను ఊరికే వదిలేయలేదు. వాళ్లకు పళ్లు తోముకోవడం, టీకాలు, కారులో సీటు బెల్టు లాంటి విషయాలు నేర్పారు. ఇది నాకు చాలా నచ్చిన నిర్ణయం. కొలతలకు మాత్రమే పిలిచి, తిరిగి ఏమీ ఇవ్వని కేంద్రం రెండో ఏడాది తలుపు తీయదు. పైగా బయటివాళ్లు వచ్చి పిల్లలతో సమయం గడపడం వల్లనే ఏదైనా మార్పు వస్తే, అది రెండు వైపులా ఉంటుంది.

ఫలితం 2005లో అచ్చయింది. ఏడాది తర్వాత కార్యక్రమం అందిన పిల్లల బీఎంఐ 0.06 పెరిగితే, కంట్రోల్ పిల్లలది 0.59 పెరిగింది. రెండేళ్లకు 0.54, 1.08. అంటే రెండేళ్ల తర్వాత కూడా తేడా 0.54 దగ్గర నిలిచింది. సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తున్న బిడ్డకు అది దాదాపు 700 గ్రాములు. ఈ రంగంలో ఇది పెద్ద ఫలితం. వైద్య పరిశోధనలను కూడగట్టి తూచే కాక్రేన్ సంస్థ అయిదేళ్ల లోపు పిల్లల ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన 2019 సమీక్షలో, ఆహారం, వ్యాయామం రెండూ కలిపిన కార్యక్రమాల వల్ల వచ్చిన సగటు బీఎంఐ తేడా దాదాపు 0.1 మాత్రమే. ఆహారం ఒక్కటే మార్చినా, వ్యాయామం ఒక్కటే పెంచినా స్పష్టమైన ప్రయోజనం కనబడలేదు.

కంట్రోల్ గుంపు అంకెను కూడా ఆగి చూడాలి. ప్రమాణాల ప్రకారం దిగుతూనో నిలకడగానో ఉండాల్సిన వయసులో వాళ్ల బీఎంఐ ఏడాదిలో 0.59 పెరిగింది. ఆ పిల్లల్లో ఎదుగుదల గీత తొందరపడి పైకి లేస్తోందనే నేను దాన్ని అర్థం చేసుకుంటాను. ఇలాంటి చోట అడ్డుకోవడానికి చాలా ఉంటుంది. పెరుగుదలే లేని చోట ఎంత మంచి కార్యక్రమమైనా తేడా చూపలేదు.

ఇక అసలు పజిల్. బీఎంఐలో ఇంత తేడా వచ్చినప్పుడు పిల్లల తిండిలోనో ఆటలోనో తేడా కనబడాలి కదా. కనబడింది ఒక్కటే: ఏడాది తర్వాత మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటా 11.6 శాతం, కంట్రోల్ గుంపులో 12.8 శాతం. మిగతా తిండి కొలతల్లో, వ్యాయామంలో, టీవీ చూసే సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కొందరు దీన్ని చదివి "అయితే ఫలితం కాకతాళీయం" అంటారు. అంత తొందర అక్కర్లేదు. 700 గ్రాముల అదనపు బరువంతా కొవ్వే అనుకున్నా, దాన్ని రెండేళ్ల మీద పరిస్తే నిల్వ అయిన శక్తి రోజుకు పది కిలోకేలరీల లోపే. శరీరం అదనంగా ఖర్చు చేసేది కలుపుకున్నా చిన్న అంకే. నిన్న బిడ్డ ఏం తిన్నదో తల్లిని అడిగి రాసుకునే పద్ధతిలో దొర్లే తప్పు దీనికి ఎన్నో రెట్లు. బిడ్డ ఎంత ఆడిందో తల్లి జ్ఞాపకం మీద ఆధారపడినా అంతే. కాబట్టి కొలత మొరటుగా ఉండి అసలు మార్పును పట్టలేకపోయి ఉండవచ్చు. కాకతాళీయం కూడా కావచ్చు. రెండేళ్ల తేడాకు వాళ్లు ఇచ్చిన 95 శాతం విశ్వాస అవధి (అసలు విలువ ఉండగల హద్దుల అంచనా) 0.10 నుంచి 0.98 దాకా ఉంది, అంటే అసలు ప్రభావం చాలా చిన్నదైనా కావచ్చు, చాలా పెద్దదైనా కావచ్చు. ఏది నిజమో తేల్చే దారి ఒకటే, మళ్లీ చేసి చూడటం. ఆ బృందం అదే చేసింది.

రెండో ట్రయల్: లాటినో పిల్లల కేంద్రాలు

ఈసారి లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న 12 హెడ్ స్టార్ట్ కేంద్రాలు. అవే 14 వారాలు. పాఠాలను ఆ కుటుంబాల ఆహారానికి, అలవాట్లకు తగ్గట్టు మార్చి, స్పానిష్, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ చెప్పారు. ఫలితం 2006లో వచ్చింది. కార్యక్రమం ముగిసినప్పుడు, ఏడాదికి, రెండేళ్లకు కూడా రెండు గుంపుల బీఎంఐలో గణనీయమైన తేడా లేదు.

అనువాదం బాగాలేదా, ఇంటి వంట మీద అమ్మమ్మల మాట ఎక్కువగా నడిచిందా, లేక మొదటి ఫలితమే అసలు కంటే పెద్దగా కనబడిందా? ఈ ప్రశ్నలకు బీఎంఐ అంకె జవాబు చెప్పదు. తరగతి గదిలో ఏం జరిగింది, ఇంటికి వెళ్లిన కాగితాన్ని ఎంతమంది చదివారు, వంటింట్లో ఏం మారింది అన్నవి విడివిడిగా నమోదు చేసి ఉంటేనే జవాబు దొరుకుతుంది. చివరి అంకె కోసం మాత్రమే డబ్బు ఖర్చు పెట్టే మూల్యాంకనం విజయాన్నీ వివరించలేదు, వైఫల్యాన్నీ వివరించలేదు. క్లయింట్లకు నేను పదే పదే చెప్పే మాట ఇదే, వాళ్లకు వినడానికి ఇష్టం లేని మాట కూడా ఇదే.

మూడో ట్రయల్: సొంత టీచర్ల చేతికి

మొదటి రెండింటిలో బయటి నిపుణులు వచ్చి పాఠం చెప్పారు. ఏ ప్రభుత్వమూ ప్రతి ప్రీస్కూలుకూ అలాంటి నిపుణులను పంపలేదు. కాబట్టి అసలు పరీక్ష మూడోది. షికాగో ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థలోని 18 ప్రీస్కూళ్లు, 618 మంది పిల్లలు, ఎక్కువమంది నల్లజాతివాళ్లే. ఈసారి శిక్షణ తీసుకుని పాఠం చెప్పింది ఆ తరగతుల టీచర్లే. వ్యాయామాన్ని తల్లిదండ్రుల మాట మీద కాకుండా పిల్లల నడుముకు కట్టిన యాక్సెలరోమీటర్ అనే కదలికను నమోదు చేసే చిన్న పరికరంతో కొలిచారు.

2011లో వచ్చిన ఫలితం మొదటిదానికి పూర్తిగా తిరగబడింది. కార్యక్రమం ముగిసే నాటికి ఆ పిల్లలు రోజుకు దాదాపు 7.5 నిమిషాలు ఎక్కువ చురుగ్గా కదిలారు, టీవీ లాంటి తెరల ముందు దాదాపు 28 నిమిషాలు తక్కువ గడిపారు. బీఎంఐలో మాత్రం తేడా లేదు. ఏడాది తర్వాత చూసినా తిండి నాణ్యత కొంత మెరుగ్గా ఉంది గానీ బీఎంఐ తేడా రాలేదు.

మొదటిసారి బరువు మారింది, ప్రవర్తనలో కారణం దొరకలేదు. మూడోసారి ప్రవర్తన మారింది, బరువు కదల్లేదు. కార్యక్రమం పేరు మారలేదు. మారినవి చెప్పే మనిషి, కొలిచే పరికరం, మధ్యలో గడిచిన కాలం.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మూడోది విఫలమైన ట్రయల్ కాదు. నాలుగేళ్ల బిడ్డ అరగంట తక్కువ టీవీ చూడటం దానికదే విలువైన ఫలితం. సాధారణ టీచరు, శిక్షణ తీసుకుని, తన రోజువారీ పనుల మధ్య ఆ మార్పు తేగలిగిందంటే రేపు వంద స్కూళ్లలో తేగలదన్న ఆశ ఉంటుంది. మొదటి ట్రయల్ నుంచి ఆ ఆశ రాదు. పాఠం చెప్పే మనిషి కూడా కార్యక్రమంలో భాగమే. మనిషిని మార్చితే అది కొత్త కార్యక్రమం, దాన్ని కొత్తగా కొలవాలి. విదేశంలో రుజువైన పాఠ్యక్రమాన్ని కొని, ప్రచారంలో ఆ రుజువును తమదిగా చూపించే సంస్థలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

గ్లాస్గో, స్విట్జర్లాండ్

రెండు ఉదాహరణలు క్లుప్తంగా. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 36 నర్సరీల్లో 545 మంది నాలుగేళ్ల పిల్లలతో జరిగిన ట్రయల్ 2006లో వెలువడింది. వారానికి మూడు సార్లు అరగంట చొప్పున 24 వారాలు వ్యాయామం, ఇంటికి కొంత సమాచారం. బీఎంఐ మారలేదు, యాక్సెలరోమీటర్‌లో కదలిక కూడా పెరగలేదు. గెంతడం, బ్యాలెన్స్ లాంటి కదలిక నైపుణ్యాలు మాత్రం స్పష్టంగా మెరుగుపడ్డాయి. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు 180 నిమిషాలు ఏదో ఒక రూపంలో కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంటే వారానికి 1,260 నిమిషాలు. గ్లాస్గో ఇచ్చినవి 90, అంటే దాదాపు 7 శాతం. ఆ 90 నిమిషాలు పిల్లలు అప్పటికే ఆడుకునే సమయంలోంచి తీసుకున్నవైతే నికరంగా పెరిగింది ఇంకా తక్కువ. కార్యక్రమం మొదలుపెట్టే ముందే ఈ గుణకారం ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు.

స్విట్జర్లాండ్‌లో వలస కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 40 ప్రీస్కూల్ తరగతుల్లో, 652 మంది పిల్లలతో బల్లాబెయినా అనే ట్రయల్ జరిగింది. 2011లో వచ్చిన ఫలితంలో బీఎంఐ తేడా లేదు. కానీ కంట్రోల్ పిల్లలతో పోలిస్తే శరీరంలో కొవ్వు శాతం తక్కువ, నడుము చుట్టుకొలత సగటున ఒక సెంటీమీటరు తక్కువ, పరుగు దమ్ము ఎక్కువ. బీఎంఐ ఒక్కటే చూసి ఉంటే ఇవేవీ తెలిసేవి కావు. మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. బరువు మామూలుగా ఉన్నా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండే శరీర తీరు భారతీయుల్లో పుట్టుకతోనే కనబడుతుందని పుణె పరిశోధనలు చూపించాయి.

జడ, బూట్లు, జాకెట్టు

మూల్యాంకనంలో అందరూ తేలిగ్గా తీసుకునేది, నేను ఎక్కువ టెన్షన్ పడేది కొలిచే రోజు గురించే.

ఒక మీటరు ఎత్తు, 16 కిలోల బరువున్న బిడ్డ బీఎంఐ 16. ఎత్తు కొలిచేటప్పుడు తలమీదికి దించే బార్ జడకో, పూలకో, క్లిప్పుకో తగిలి ఒక సెంటీమీటరు పైన ఆగితే అదే బిడ్డ బీఎంఐ 15.7. జడ తీయకపోవడం వల్ల వచ్చిన తప్పు 0.3, షికాగో మొదటి ట్రయల్ మొత్తం ప్రభావంలో సగానికి పైనే. బూట్లు, స్వెటర్ కలిసి 300 గ్రాములైతే ఇంకో వైపు అంతే తప్పు. జూన్‌లో పలచటి గౌనుతో, డిసెంబర్‌లో స్వెటర్‌తో తూచి పోల్చితే పిల్లలందరూ లావెక్కినట్టే కనబడతారు. అందుకే నేను కొన్ని నియమాలు వదలను. ఒకే తూకం యంత్రం, తెలిసిన బరువు పెట్టి ప్రతి ఉదయం సరిచూసుకోవాలి. గోడకు టేపు అంటించడం కాదు, స్టేడియోమీటర్ (ఎత్తు కొలిచే పరికరం) కావాలి. ప్రతి బిడ్డనూ రెండు సార్లు కొలవాలి, రెండింటికీ తేడా ఎక్కువైతే మూడోసారి. కొలిచేవాళ్లకు ఏ స్కూలు ఏ గుంపులో ఉందో తెలియకూడదు. టీచరే కొలిస్తే, తన కష్టానికి ఫలితం కనబడాలన్న ఆశ తెలియకుండానే చేతిలోకి వస్తుంది. అది ఆమె తప్పు కాదు, మనిషి స్వభావం.

ఇంకొకటి, లెక్కల విషయం. 12 కేంద్రాల్లో 409 మంది ఉంటే 409 స్వతంత్ర సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. ఒకే కేంద్రం పిల్లలు ఒకే వంట తింటారు, ఒకే ఆవరణలో ఆడతారు, ఒకే టీచరు మాట వింటారు. సగటున కేంద్రానికి 34 మంది, ఒకే కేంద్రం పిల్లల మధ్య పోలిక (ఒకటి అంటే అందరూ అచ్చం ఒకేలా) 0.02 అనుకుంటే, 33ను 0.02తో గుణించి ఒకటి కలపాలి, 1.66 వస్తుంది. 409ని దాంతో భాగిస్తే సుమారు 246. గణాంకాల దృష్టిలో ఆ ట్రయల్ బలం అంతే. ఒక స్కూలులో నడిపి, పక్క స్కూలుతో పోల్చి, "రెండు వందల మంది పిల్లల మీద రుజువైంది" అనే రిపోర్టుల్లో నిజంగా ఉన్నవి రెండే సాక్ష్యాలు, రెండు స్కూళ్లు.

మన దగ్గర

అయిదేళ్ల లోపు పిల్లల్లో ఎత్తుకు మించిన బరువు ఉన్నవాళ్లు దేశంలో 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.1 శాతం, 2019-21 సర్వేలో 3.4 శాతం. అదే రెండో సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 35.5 శాతం, ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 19.3 శాతం. ఈ అంకెలను పక్కపక్కన పెట్టకుండా ఇక్కడ ఏ కార్యక్రమమూ రూపొందించకూడదు. అంగన్‌వాడీలో "తక్కువ తినండి" అనే సందేశం ప్రమాదకరం. అక్కడ గుడ్డు, పప్పు, ఆకుకూర తినిపించడం, బాగా ఆడించడం రెండు రకాల సమస్యలకూ పనికొస్తాయి. మూల్యాంకనంలో కూడా ఎక్కువ బరువును ఒక్కదాన్నే కాకుండా తక్కువ బరువుకు జారిన పిల్లలను కూడా లెక్కపెట్టాలి. లావు పిల్లల సంఖ్య తగ్గి, బక్కపిల్లల సంఖ్య పెరిగితే ఆ కార్యక్రమం నష్టం చేసినట్టే.

హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల ప్రైవేటు ప్లేస్కూళ్లలో పరిస్థితి వేరు. ఇంటిని స్కూలుగా మార్చిన చోట ఆట స్థలం కార్ల పార్కింగంతే ఉంటుంది. రైమ్స్ టీవీ తెర మీద నడుస్తాయి. పుట్టినరోజు కేకు, చాక్లెట్లు, చిప్స్ ప్యాకెట్లు నెలలో చాలా సార్లు వస్తాయి. స్నాక్స్ డబ్బాలో బిస్కెట్లు, జ్యూస్ ప్యాకెట్ ఉంటాయి. ఇంట్లో నాయనమ్మకు మనవడు బొద్దుగా ఉంటేనే తృప్తి, "కంటికి కనబడనీయండమ్మా, ఇప్పుడే కదా తినే వయసు" అంటుంది. ఆమెను శత్రువులా చూసే కార్యక్రమం ఇంటి గుమ్మం దాటదు. ఆమెను తరగతికి పిలిచి, రాగి జావ, ఉడికించిన శనగలు, పల్లీ చిక్కీ ఎలా చేస్తారో పిల్లలకు చెప్పమంటే పని సగం ముందుకు పోతుందని నా అనుభవం.

ఇలాంటి చోట నేను మొదటి ఏడాది బీఎంఐని ముఖ్య ఫలితంగా పెట్టను. బిడ్డ కంటే ముందు స్కూలును కొలుస్తాను. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో డయాన్ వార్డ్ బృందం తయారుచేసిన నాప్ శాక్ అనే పద్ధతి ఇదే ఆలోచన మీద నడుస్తుంది: స్కూలు తన తిండి, ఆట, తెర అలవాట్లను తానే అంచనా వేసుకుంటుంది, మార్పులకు ప్రణాళిక వేసుకుంటుంది, సలహాదారు సాయం తీసుకుంటుంది, మళ్లీ అంచనా వేసుకుంటుంది. దానికి తోడు బయటి పరిశీలకుడు ఒక రోజంతా తరగతిలో కూర్చుని చూసినదాన్ని నమోదు చేసే సాధనం కూడా వాళ్లు తయారుచేశారు. నేనూ అదే చేస్తాను. పొద్దున్నుంచి బడి విడిచే దాకా కూర్చుని చూస్తాను. పిల్లలు బయట ఎన్ని నిమిషాలు ఉన్నారు, తెర ఎన్ని నిమిషాలు నడిచింది, టీచరు తిండిని బహుమతిగా ఇచ్చిందా, "మొత్తం తినాల్సిందే" అని బలవంతం చేసిందా, నీళ్లు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయా. స్నాక్స్ డబ్బాలను మూత తీసి, ముఖాలు, పేర్లు రాకుండా ఫొటోలు తీసి తర్వాత లెక్కిస్తాం. ఇవి మారకపోతే బీఎంఐ మారిందని ఎవరు చెప్పినా నేను నమ్మను. ఇవి మారితే, బీఎంఐ వెంటనే కదలకపోయినా ఆ స్కూలు పిల్లలకు మేలు జరిగిందని ధైర్యంగా రాస్తాను.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను. కొలత ఏ బిడ్డ ముందూ పైకి చదవకూడదు. ఒక్కొక్కరినీ విడిగా, తెర వెనక తూచాలి, అంకె మాత్రమే రాసుకోవాలి, "బొండం" లాంటి మాట ఎవరి నోటా రాకూడదు. ఫలితం తల్లిదండ్రులకు మూసిన కవర్లో, ఎవరిని కలవాలో చెప్పే ఫోన్ నంబరుతో వెళ్లాలి. ఈ ఏర్పాటు చేయలేని స్కూలులో నేను పిల్లలను తూచను, పరిసరాలను మాత్రమే చూస్తాను.

షికాగో బృందం 14 వారాల పాఠం కోసం పిల్లల వెంట రెండేళ్లు నడిచింది. మొదటి ట్రయల్ తేడా అలాగే బయటపడింది. మన దగ్గర ప్లేస్కూల్ పిల్లలు యూకేజీ కాగానే నాలుగు వైపులా వేర్వేరు స్కూళ్లకు వెళ్లిపోతారు. కాబట్టి రెండో ఏడాది కొలతకు సమ్మతి, ఇద్దరు పెద్దవాళ్ల ఫోన్ నంబర్లు మొదటి రోజే తీసుకోవాలి, ఇంటికి వెళ్లి కొలిచే ఖర్చు బడ్జెట్‌లో మొదటి నుంచే ఉండాలి. ఫాలో-అప్‌కు దొరకని పిల్లలు ఏ గుంపులో ఎక్కువ, వాళ్ల మొదటి బీఎంఐ ఎంత అన్నది కూడా రిపోర్టులో రాయాలి. లావుగా ఉన్న పిల్లల తల్లిదండ్రులే ఎక్కువగా ఫోన్ ఎత్తకపోతే, మిగిలినవాళ్ల సగటు ఎంత బాగున్నా దాన్ని కార్యక్రమం ఫలితంగా చూపించలేం. బడ్జెట్ చాలకపోతే నేను స్కూళ్ల సంఖ్య తగ్గించమని అడుగుతాను గానీ రెండో ఏడాదిని కొట్టేయనివ్వను.